పోటు పట్టిక

సున్నా నుంచి పదిలో
నొప్పి ఎంతుందని అడిగింది డాక్టరమ్మ.
నా మనవరాలి ఈడు పిల్ల,
గోళ్ళకు లేత నీలం రంగు.
ఎనభై నాలుగు, అన్నాను.

పదిలోపే చెప్పాలి ఓబ్దూలియా గారూ.

పదిలో ఏం పడుతుందమ్మా?
నలభై ఒక్క ఏళ్ళు అరోసా తీరాన
మోకాలి లోతు చలినీళ్ళలో నడుం వంచి
ఇసుక గీకి ఆల్చిప్పలు ఏరినదాన్ని.
సంఘం వాళ్ళు ఏటా ఇచ్చే చిన్న పుస్తకంలో
రోజుకో అంకె ఉంటుంది.
ముప్పై అంటే సముద్రానికి బద్ధకం.
నూట పది అంటే
నీళ్ళు ఎక్కడికో వెళ్ళిపోయి
పడవలు బురదలో కూర్చుని దిక్కులు చూసే రోజు.
నాకు తెలిసిన కొలబద్ద అదొక్కటే.

ఆ పుస్తకం ఇప్పుడు వంటింటి మేకుకు వేలాడుతోంది.
సముద్రం పోటు అచ్చులో,
పక్కన నా పోటు పెన్సిల్‌తో.
రెండూ కలుస్తాయేమోనని మొదటి ఏడు ఆశగా చూశాను
(కారణం దొరికితే సగం తగ్గినట్టే కదా).
కలవలేదు.
నవంబరులో ఒక్క మంగళవారం మాత్రం
ఇద్దరికీ తొంభై ఏడు.
ఆ రోజు కిటికీ తెరిచి
దాన్ని కాసేపు చూస్తూ నిలబడ్డాను,
ఆసుపత్రి వరండాలో పక్క బల్ల మీది మనిషిని చూసినట్టు.

డాక్టరమ్మ కాగితంలో రెండే గళ్ళు: కీళ్ళు, నరాలు.
నా దగ్గర ఇంకా ఉన్నాయి.
బొటనవేలి మొదట్లో కలుక్కు.
మోకాలిలో పీకు, అది పాత కాపురం.
చీలమండలో జివ్వు,
తలుపు కొట్టి పారిపోయే ఆకతాయి.
అరికాళ్ళది మాత్రం మంట అనలేను,
మంట ఆరిందనుకుని బూడిదలో చెయ్యి పెడితే
తగులుతుందే, అది.

రాత్రిళ్ళు దుప్పటి అంచు తాకినా ఓర్వవు పాదాలు.
అందుకని మంచం చివర
గుల్లలు మోసిన ప్లాస్టిక్ పెట్టెనొకటి బోర్లించి
దాని మీదుగా దుప్పటి కప్పుకుంటాను.
లోపల నా కాళ్ళు గుడారం వేసుకుని పడుకుంటాయి.
ఎన్నిసార్లు కడిగినా
ఆ పెట్టెకు ఉప్పు వాసన పోలేదు.
పోకపోవడమే మంచిదైంది.

పై అంతస్తులో ఎలాదియో ఉంటాడు,
పొంతెవేద్రా బస్సు నడిపిన మనిషి.
అతని చెయ్యి భుజం దాటి లేవదు.
నా వేళ్ళు సీసా మూత చుట్టూ మూసుకోవు.
ఆదివారాలు వారం సీసాలన్నీ అతను తిప్పి వదులు చేస్తాడు,
నేను మణికట్టుతోనే దువ్వెన నడిపి
అతని తల దువ్వుతాను.
పాపిడి ఎప్పుడూ వంకరే.
పాత స్టీరింగ్ తొడుగు కోసి
నా చెంచాకు, కత్తికి, పెన్సిల్‌కు చుట్టి ఇచ్చాడు.
"ఇప్పుడు నీ పులుసును ఏ మలుపైనా తిప్పొచ్చు" అన్నాడు.
ఆ హాస్యం నాకు నచ్చలేదు. చెంచా నచ్చింది.

నీళ్ళు బాగా తీసిన రోజు గట్టు మీదికి వెళతాను.
ఉషీయా వాళ్ళు బకెట్లు తెచ్చి నా ముందు పోస్తారు.
చేతిలో ఇనుప రింగు,
అందులోంచి జారిపోయే గుల్ల పసిది,
దాన్ని నీళ్ళకే తిరిగి ఇచ్చేయాలి.
ఇంటికొచ్చాక నొప్పుల్నీ అలాగే రింగులో వేస్తాను.
కలుక్కులు, చిన్నా చితకా జారిపోతాయి.
మిగిలినవే లెక్క.
కొన్ని రోజులు ఏదీ జారదు.
ఆ రోజుల గురించి చెప్పేందుకు ఏమీ లేదు,
అవి గడుస్తాయి, అంతే.

డాక్టరమ్మ చివరికి ఎనిమిది అని రాసుకుంది.
రాసుకోనీ.
మాత్ర మార్చింది, కొత్తది నిద్ర తెస్తుంది,
నోరు మాత్రం ఎండకట్టేస్తుంది.

నిన్న రాత్రి దీపం ఆర్పాక గుర్తొచ్చింది,
అంకె వేయడం మరిచానని.
లేవాలంటే ముందు మోకాలికి అర్జీ పెట్టుకోవాలి,
అది ఆలోచించి చెబుతుంది.
పొద్దున చూశాను:
సముద్రానికి యాభై రెండు.
పక్క గడి ఖాళీ.
పెన్సిల్ తీశాను గానీ
ఎంతో గుర్తు రాలేదు.